పాత పికప్పు బండికి పోయిన బలము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ పల్లెలనుండి విత్తనపు పత్తిని, వనపర్తి చెలకలనుండి వేరుసెనగను, కొల్లాపూరు తోటలనుండి మామిడికాయలను, ఎత్తిపోతల నీటితో పచ్చబడిన మడులనుండి వడ్లను అంగడికి చేర్చు భారమును నేడు వహించుచున్నది ఎడ్లబండి గాదు, పెద్ద లారీయు గాదు. పదిపదునైదేండ్లు పనిచేసి, రంగు వెలిసి, రెండు మూడు చేతులు మారి, తుదకు ఒక చిన్న రైతు వాకిటికో, దానినే జీవనాధారముగా నమ్ముకొన్న డ్రైవరు వాకిటికో వచ్చి నిలిచిన నాలుగు సిలిండర్ల పికప్పు బండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో మెకానిక్కు షెడ్డుల యెదుట వినవచ్చు ఫిర్యాదు తరచుగా ఒక్కటియే: “రోడ్డెక్కినంక మంచిగనే పోతది గని, లోడుతోని గట్టెక్కాల్నంటే దమ్ము లేదు.”

ఈ ఫిర్యాదునకు మన యూళ్లలో సులభముగా దొరకు చికిత్స, డీజిల్ పంపునకున్న స్క్రూను కొంచెము లోనికి త్రిప్పి ఇంధనమును హెచ్చించుట. ఆ సాయంకాలమే బండి నల్లని పొగ గ్రక్కుచు కొంత చురుకుగా పరుగెత్తును; యజమాని సంతుష్టుడగును; పని తెలిసినవాడని మెకానిక్కునకు పేరు వచ్చును. ఈ పద్ధతిని విడువవలెననియు, పాత బండికి కావలసినది క్రొత్తగా తెచ్చిపెట్టు బలము గాక, అరుగుదలవలన అది కోల్పోయిన బలమే యనియు, దానిని మరల రాబట్టు విద్యను మన మెకానిక్కులకు అందుబాటులోనికి తెచ్చుట ప్రభుత్వము చేయదగిన ముఖ్య కార్యమనియు నా దృఢమైన అభిప్రాయము. స్క్రూ త్రిప్పి పొందిన బలము వడ్డీకి తెచ్చిన యప్పు వంటిది. అరిగిన భాగమును సరిదిద్ది పొందిన బలము ఆ బండి సొంత ఆస్తి.

ఈ బండ్లు పుట్టుకతోనే మందగమనమున బరువు లాగుటకు నిర్మింపబడినవి. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చుటతో మోటారు వ్యాపారము నారంభించిన మహీంద్రా సంస్థ, పిమ్మట ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ రూపొందించిన డీజిల్ ఇంజనులను స్వీకరించి, 2000లో బొలెరోను విడుదల చేసి, ఆ వంశమునుండియే 2523 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను గల పికప్పులను పల్లెలకు పంపినది. టాటా సంస్థ 1986లో 407ను, 1988లో టాటామొబైలును తెచ్చి, తరువాత 207 అను పికప్పును అందించినది. నగరపు రహదారులపై అతివేగముగా పోవుట వీని ధర్మము గాదు. నిమిషమునకు ఒకటిన్నర వేయి, రెండు వేల చుట్లకు మించని వేగమున, అలుపు లేక బరువు నీడ్చుటయే వీని ధర్మము. కావున క్రింది చుట్లలో బలము లేని పాత పికప్పు, తనకు లేని దానిని కోరుచున్నది కాదు. తనదైన దానినే పోగొట్టుకొన్నది.

బలమనగా నేమి యను విషయమున రెండింటిని వేరుచేసి తెలిసికొనవలెను. పిస్టను మీది ఒత్తిడి క్రాంకును ఎంత గట్టిగా త్రిప్పుచున్నదో తెలుపునది టార్కు. ఆ త్రిప్పుడు నిమిషమునకెన్ని మారులు జరుగుచున్నదో దానితో హెచ్చించగా వచ్చునది అశ్వశక్తి. చదునైన రోడ్డుపై వేగముగా పోవుటకు అశ్వశక్తి చాలును. ఆగిన చోటినుండి కదలుటకును, కాల్వగట్టు నెక్కుటకును, తడిసిన రేగడిలో దిగబడిన చక్రమును వెలికి లాగుటకును మొదటనే టార్కు కావలెను. మూడువేల కిలోల మొత్తపు బరువు గల బండి పదియడుగులకొక యడుగు లేచు గట్టు నెక్కవలెనన్నచో, ఆ యేటవాలును జయించుటకే 300 కిలోల లాగుడు కావలెను. చక్రముల రాపిడికి మరియొక 50 కిలోలు చేర్చుకొనవచ్చును. మట్టి మెత్తనైనచో ఆ రాపిడియే ఏటవాలుతో సమానమగును.

ఇప్పుడొక లెక్క వేయుదము. ఇంజను క్రాంకువద్ద 15 కిలోగ్రాము-మీటర్ల టార్కు నిచ్చుచున్నదనుకొనుడు. రెండవ గేరు దానిని 2.4 రెట్లు, వెనుక ఇరుసులోని క్రౌను పినియను 5 రెట్లు పెంచుననుకొనుడు. అపుడు ఇరుసునందు 180 కిలోగ్రాము-మీటర్లు వచ్చును. చక్రపు వ్యాసార్ధము మీటరులో మూడవవంతైనచో నేలను త్రోయు బలము 540 కిలోలు. గేర్లలోను ఇరుసులోను పోవు నష్టము పదవవంతు తీసివేసినను 486 కిలోలు మిగులును. గట్టునెక్కుటకు వలసిన 350 కిలోలకంటె ఇది చాల ఎక్కువ. అదే ఇంజను అరుగుదలవలన తన టార్కులో మూడవవంతు కోల్పోయి 10 కిలోగ్రాము-మీటర్లే ఇచ్చినచో, ఆ రెండవ గేరులోనే చక్రముకడ నిలుచునది 324 కిలోలు మాత్రమే. నిన్న రెండవ గేరులో సునాయాసముగా ఎక్కిన గట్టుమీద నేడు మొదటి గేరు వేసికొని, క్లచ్చును సగము నొక్కిపట్టి, ప్లేటు కాలిన వాసన వచ్చువరకు శ్రమపడవలసిన స్థితికి హేతువిదియే.

అరుగుదల బలము నంతటను సమముగా హరించదు. మొదట క్రింది చుట్లలోని బలమునే హరించును. డీజిల్ ఇంజనునందు స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని సుమారు పదునెనిమిదవ వంతు స్థలములోనికి నొక్కగా పుట్టు వేడియే ఇంధనమును మండించును. 1890ల దశకమున రుడాల్ఫ్ డీజెల్ అను జర్మను ఇంజనీరు ఆగ్స్‌బర్గు నగరమున సాధించిన విద్య యంతయు ఈ సూత్రముపైననే ఆధారపడియున్నది. రింగులును బోరును అరిగినపుడు నొక్కబడుచున్న గాలి సందులగుండ జారిపోవును. ఇంజను వేగముగా తిరుగునపుడు జారుటకు దానికి వ్యవధి చాలదు గనుక నష్టము స్వల్పము. మెల్లగా తిరుగునపుడు వ్యవధి ఎక్కువ గనుక నష్టము అధికము. వాల్వులు సరిగా కూర్చుండనపుడును జరుగునదిదియే. అరిగిన పంపు ప్లంజరు ప్రక్కలనుండి డీజిల్ వెనుకకు కారుటయు మందవేగముననే హెచ్చు. ఎగ్జాస్టు వాయువుతో తిరుగుచు ఇంజనులోనికి గాలిని త్రోయు టర్బో గల బండ్లలో, క్రింది చుట్లయందు ఆ వాయువే తక్కువ. ఆ తక్కువనుండి పుట్టిన కొద్దిపాటి గాలి ఒత్తిడి, పగిలిన రబ్బరు గొట్టముగుండనో, వదులైన క్లిప్పుగుండనో పోయినచో మిగులునది శూన్యము. కావుననే యజమాని రోడ్డుమీద బండి బాగున్నదనుటయు, గట్టుకడ బాగులేదనుటయు రెండును సత్యములే.

ఇట్లు కారణము తెలిసిన పిమ్మట చికిత్సాక్రమము తనంత తానే స్పష్టమగును. వ్యయము తక్కువైన దానినుండి వ్యయము హెచ్చైన దానికి వరుసగా పోవలెను. మొదట గాలి. వేరుసెనగ పీకు దినములలోను, వడ్లు తూర్పారబట్టు కళ్లములలోను తిరుగు బండి ఎయిర్ ఫిల్టరు పట్టణపు బండి ఫిల్టరుకంటె ఎన్నోరెట్లు త్వరగా పూడును; పూడినది ఊపిరిని ఆపును, చినిగినది అంతకంటె ఘోరముగా ధూళిని లోనికి పంపి బోరును గీచి, పైన చెప్పిన నష్టమునకంతకును బీజము వేయును. గాలి గొట్టములో చిరుగు లేకుండ చూచుకొనుట యజమాని తన చేతులతో చేసికొనగల పని. ఎండకాలమున 45 డిగ్రీల వేడిలో గాలి, 25 డిగ్రీల నాటి గాలికంటె సుమారు 6 శాతము పలుచన గనుక, ఆ కాలమున ఫిల్టరునందలి యశ్రద్ధ ఇంకను హెచ్చుగా బాధించును.

రెండవది ఇంధనము. డీజిల్ ఫిల్టరును వేళకు మార్చుట, అడుగున చేరిన నీటిని వదలుట, ఆ తరువాత నాజిళ్లను పరీక్షించుట. నాజిలు సన్నని తుంపరగా చిమ్మవలసిన డీజిలును బొట్లుగా కార్చినచో, అది పూర్తిగా మండక, కొంత పొగయై పైకి, కొంత నూనెలో కలిసి క్రిందికి పోవును. మూడవది టాపెట్ల సందు: ఇది ఇరుకైనచో వాల్వు పూర్తిగా మూయబడదు, హెచ్చైనచో పూర్తిగా తెరువబడదు, తయారీదారు చెప్పిన కొలతకు ఫీలరు గేజీతో సరిచేయుట కొద్ది గంటల పని, దాని ఫలము పెద్దది. నాలుగవది పంపు టైమింగు: ఇంధనము ఆలస్యముగా పడినచో పిస్టను క్రిందికి దిగిన పిమ్మట మంట పుట్టి వేడి వ్యర్థమగును, ముందుగా పడినచో ఎదురుదెబ్బ తగిలి బేరింగులు నలుగును. ఐదవది కంప్రెషను పరీక్ష: నాలుగు సిలిండర్లలో ఏది బలహీనమో గేజీతో చూడక హెడ్డు విప్పుట చీకటిలో సూది వెదకుటయే. ఈ పరీక్షలో నాలుగును తయారీదారు చెప్పిన ఒత్తిడికి తగ్గక సమముగా నిలిచినచో బోరు పని యక్కరలేదు. వేలకొలది రూపాయలు మిగులును.

ఇంజనులో దోషమే లేక బలము మార్గమధ్యమున పోవుటయు కలదు. జారుచున్న క్లచ్చు ప్లేటు, ఎత్తినపుడు తేలికగా తిరుగవలసిన చక్రమును పట్టియుంచు బ్రేకు, గాలి తక్కువైన టైరు, ఎండిన హబ్బు బేరింగు అను నాలుగును కలిసి ఒక సిలిండరు చేయు పనిని మ్రింగగలవు. కొంతదూరము పోయివచ్చి నాలుగు డ్రమ్ముల వేడిని పోల్చి చూచినచో పట్టుచున్న బ్రేకు తెలియును. వేడెక్కునను భయముతో థర్మోస్టాటును తీసి పారవేయు అలవాటు మరియొకటి కలదు. దానివలన ఇంజను తన సహజోష్ణమునకు రాక, నూనె చిక్కగానేయుండి, రింగులు త్వరగా అరిగి, మైలేజీయు తగ్గును. వేడెక్కుటకు కారణము రేడియేటరులోనో, నీటి పంపులోనో, ఫ్యాను బెల్టులోనో వెదకవలెను గాని, రక్షకుని తొలగించుట మార్గము గాదు.

ఇక స్క్రూ త్రిప్పుట విషయమునకు వత్తము. ఒక భాగము డీజిలు పూర్తిగా మండుటకు బరువులో సుమారు పదునాలుగున్నర భాగముల గాలి కావలెను. ఇంజనులో అన్ని మూలలకును గాలి కలియదు గనుక, పొగ లేకుండ మండుటకు అంతకంటెను ఎక్కువే కావలెను. స్క్రూ త్రిప్పినపుడు పెరుగునది ఇంధనమే, గాలి గాదు. క్రింది చుట్లలో టర్బో ఇంకను మేలుకొనలేదు, కంప్రెషను జారిపోయినది. అట్టి చోట అదనపు డీజిలు నల్లపొగగా మారుటయే గాని బలముగా మారదు. పై చుట్లలో గాలి దొరకును గనుక అక్కడ కొంత చురుకు కనబడును. అనగా ఎక్కడ అవసరము లేదో అక్కడ లాభము, ఎక్కడ అవసరమో అక్కడ నష్టము. గాలి ఒత్తిడి వచ్చువరకు ఇంధనమును పట్టియుంచుటకు కొన్ని టర్బో పంపులకు తయారీదారు అమర్చిన పరికరమును సయితము మధ్యలో తప్పించివేయుదురు. ఫలముగా పిస్టను తల వేడికి కరగుట, హెడ్డు గ్యాస్కెటు పోవుట, టర్బో రెక్కలు మాడుట సంభవించును. ఆ ఖర్చును భరించువాడు స్క్రూ త్రిప్పినవాడు గాదు. రెండు పంటల ఆదాయమును దానిపై పోయు రైతు. ఆ పొగను పీల్చువారు సంత దారిలో వెనుక నడచుచున్న స్త్రీలు, బడికి పోవు పిల్లలు.

ఎలక్ట్రానిక్ కామన్‌రైలు వచ్చిన బండ్లలో స్క్రూ లేదు గాని, దానికి బదులు చిప్పు అమర్చెదమని చెప్పువారున్నారు. ఆ బండ్లలోను లాగుడు తగ్గుటకు తరచుగా కారణము ఎగ్జాస్టులో కొంతను మరల ఇంజనులోనికి పంపు ఈజీఆర్ వాల్వు మసి పట్టుటయో, పనిచేయని సెన్సారో, టర్బో గొట్టపు చిరుగో. స్కానరు పెట్టి లోపమును చదువగల మెకానిక్కు చిప్పు లేకయే దానిని సరిచేయగలడు. మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన లక్షణములను మార్చు పనులను నిషేధించినది. ఆ నిషేధము యజమానిని పీడించుటకు గాక, అతనిని రక్షించుటకు కూడ పనికివచ్చునని గ్రహింపవలెను.

చక్రములును బరువును మరచి బలమును గూర్చి మాటలాడుట వ్యర్థము. అందమునకో, గతుకుల భయముచేతనో వ్యాసము ఐదు శాతము హెచ్చైన టైర్లు వేసినచో, పై లెక్కలోని 540 కిలోలు 514కు దిగును. ఇంజనులో ఏమియు చెడకుండనే గేరు పొడవైనది. కంపెనీ చెప్పిన కొలతకు మరలి వచ్చుట యనగా డబ్బు ఖర్చులేని బలము. అట్లే మూడవ గేరులో ఇంజను మొరాయించుచుండగా పెడలును నేలకు నొక్కి లాగించుట, తక్కువ నూనె ఒత్తిడిలో బేరింగులను నలుపుట. గట్టు మొదలుకాకమునుపే చిన్న గేరు వేయుట నేర్చిన డ్రైవరు సగము మెకానిక్కు. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు 765వ జాతీయ రహదారిపై మన్ననూరు దాటి అమ్రాబాదు పులుల అభయారణ్యము గుండ పోవువారికి ఈ విషయము అనుభవైకవేద్యము. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆ మార్గమున రాకపోకలు నిషిద్ధములు. ప్రాకుచు పోవు బండి ఆ వేళకు మునుపు దాటనిచో గేటుకడ తెల్లవారువరకు నిలువవలెను, తోటనుండి దింపిన మామిడి తన బుట్టలలోనే మగ్గవలెను.

బరువు మాట. పెబ్బేరు శనివారపు సంతకు పశువులను తెచ్చునపుడును, కళ్లమునుండి వడ్లను తరలించునపుడును, బండి మోయగల దానికి ఒకటిన్నర రెట్లు నింపి, గట్టుకడ దమ్ము లేదనుట న్యాయము గాదు. 2019లో సవరించిన చట్టము ప్రకారము అధిక భారమునకు 20,000 రూపాయలును, ఆపై ప్రతి టన్నుకు 2,000 రూపాయలును జరిమానా కలదు; ఒక్క జరిమానా విలువతో నాజిళ్లు, టాపెట్లు, ఫిల్టర్లు, క్లచ్చు ప్లేటు చాలవరకు బాగుపడును. ఐనను రైతునే నిందించి ఊరకుండరాదు. కిరాయి టన్నుల లెక్కన గాక ట్రిప్పుల లెక్కన కుదుర్చు వ్యాపారి, ఒక్క ట్రిప్పులో అంతయు తెమ్మని ఒత్తిడి చేయును. మార్కెటు యార్డులలో బండి బయలుదేరకమునుపే తూచుకొను వసతి అందరికి అందుబాటులో నున్నచో ఈ ఒత్తిడి చాలవరకు తగ్గును.

ఇంతకు పాత బండిని మార్చి క్రొత్తది కొనరాదా యని కొందరు అడుగుదురు. 2021లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన తుక్కు విధానము, ఫిట్‌నెసు పరీక్షలో నెగ్గని పాత వాణిజ్య వాహనములను తొలగింపుమనుచున్నది. పరీక్షలో నెగ్గలేని బండిని రోడ్డుపై ఉంచుమని నేను వాదింపను. కాని నెగ్గగల బండిని, సరియైన శ్రద్ధవలన ఇంకను ఎన్నో యేండ్లు నిలువగల బండిని, మెకానిక్కునకు విద్య లేనందున తుక్కునకు పంపి, ఈ పాలమూరు ప్రాంతపు జిల్లాలలో ఎన్నో కుటుంబములు వలసపోయి కూడబెట్టిన సొమ్మును మరల కంతులలో పోయుమనుట ధర్మము గాదు. పంపు స్క్రూను త్రిప్పుటయు, బండిని అకాలముగా తుక్కు చేయుటయు ఒకే యజ్ఞానమునకు రెండు ముఖములు.

ఆ యజ్ఞానమును తొలగించు సామగ్రి మన యూళ్లలోనే యున్నది. వనపర్తి సంస్థానపు రాజభవనమున 1959లో ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా ప్రారంభమైన ప్రభుత్వ పాలిటెక్నిక్కు, ఈ ప్రాంతమున సాంకేతిక విద్యకు తొలి దీపము. 2024నుండి రాష్ట్రమునందలి ప్రభుత్వ ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీసు సహకారముతో ఉన్నత సాంకేతిక కేంద్రములుగా మార్చుచున్నారు. అట్టి సంస్థల ద్వారములు బడి చదువు గల యువతకు మాత్రమే తెరువబడి, చదువు లేకయే చేతిపని నేర్చి, ఈ బండ్లనన్నిటిని నేడు నడుపుచున్న నడివయసు మెకానిక్కునకు మూయబడియుండుట ఎంతటి లోపము! అతనికి కావలసినది డిగ్రీ గాదు. సంధ్యావేళల కొన్ని వారములు, తెలుగులో, కంప్రెషను గేజీ పట్టుట, నాజిళ్లను పరీక్షించుట, టైమింగు సరిచూచుట, స్కానరు చదువుట నేర్పినచో చాలును. పంపును పరీక్షాబల్లపై పెట్టి తయారీదారు కొలతకు సరిచేయు యంత్రము ఒక్కొక్క షెడ్డువాడు కొనజాలడు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు అను మూడు జిల్లాలకు కలిపి ఒక్కటి ప్రభుత్వ సంస్థలో నుంచి, నామమాత్రపు రుసుమునకు ఉపయోగింపనిచ్చినచో వేలకొలది పంపులు స్క్రూ బారినుండి తప్పించుకొనును.

యజమానులును తమ వంతు చేయవలెను. పని యైన పిమ్మట ఏమి మార్చినది, ఏ కొలతకు పెట్టినది ఒక చిన్న పుస్తకములో వ్రాయుమని మెకానిక్కును అడుగుట, స్క్రూ త్రిప్పుట కంటె ముందు కంప్రెషను చూడుమని పట్టుపట్టుట, వేళకు ఫిల్టరు మార్చుట, చెప్పిన బరువు దాటకుండుట — ఈ నాలుగు అలవాట్లు ఏ యంత్రమును కొనకయే సాధ్యములు. రానున్న విద్యాసంవత్సరముననే వనపర్తి పాలిటెక్నిక్కులో ఈ సాయంకాలపు తరగతిని, ఈ పరీక్షాబల్లను ఆరంభించి, ఆపై గద్వాలకును నాగర్‌కర్నూలుకును విస్తరింపవలెనని మూడు జిల్లాల ప్రజాప్రతినిధులను, సాంకేతిక విద్యాశాఖను నేను కోరుచున్నాను. ఎత్తిపోతల పంపులతో నీటిని గట్టులమీదికి ఎక్కించిన ప్రభుత్వమునకు, ఆ నీటితో పండిన గింజను గట్టు దాటించు రైతు బండికి దాని బలమును తిరిగి యిచ్చు విద్యను నేర్పించుట పెద్ద భారము గాదు.